లేమి
(ఒంగోలులో ఒక స్త్రీల సమాజం వార్షిక కూడికలో చేసిన ప్రసంగం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. వేదిక మీద ఉన్న అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అధ్యక్షురాలికి, కార్యదర్శికి, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు వందనాలు. పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే ఉండి లోపలికి రాలేకపోయిన వాళ్లకు కూడా. బాబూ, ఆ వెనక తలుపులు తెరిచి పెట్టండి. వాళ్లకీ వినపడాలి.

నాకు ఇచ్చిన అంశం ‘స్త్రీలు, విశ్వాసం’. ఇరవై నిమిషాలన్నారు. రిటైరయిన టీచర్‌ని కదా, నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. మొదటి కాగితం చరిత్ర.

ఈ ఊళ్లో ప్రార్థన కొండ గురించి తెలియని వాళ్లు ఉండరు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండ మీద మోకరించిన వాళ్లు ఐదుగురు. నెల్లూరు నుంచి వచ్చిన మిషనరీ జువెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే పేరున్న ఒకాయన, జూలియా, రూతు. మనం ఎప్పుడు చెప్పినా జువెట్ దొరగారు ప్రార్థన చేశారని చెప్పి ఆపేస్తాం. ఒక్కసారి లెక్కపెట్టండి. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు.

తర్వాత ఇంకో మిషనరీ క్లౌ దొరగారి కాలం. 1876లో మొదలైన ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకున్నారు. తట్టలు మోసి అలిసిపోయి కూర్చున్న వాళ్ల దగ్గరికి బోధకులు వెళ్లి వాక్యం చెప్పేవాళ్లు. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మన సండే స్కూల్ పిలకాయలకు కూడా నోటికొచ్చు. ఆ మనుషుల్లో ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్లు. బడి గడప తొక్కనివ్వని వాళ్లు. అందుకని వాళ్లకు వాక్యం చెవి ద్వారా వచ్చింది. ఆ చెవి నుంచే కూతురికి, ఆ కూతురి నుంచి మనవరాలికి వచ్చింది.

మా అమ్మకి కూడా అలాగే వచ్చింది. ఈ కాగితాలు పక్కన పెడుతున్నాను. మా అమ్మ సంగతి చెప్పకుండా నేను ఈ అంశం మీద మాట్లాడలేను.

మాది కావలికి పడమరగా, కలిగిరి వైపు పల్లె. అంతా మెట్ట. అమ్మ పొగాకు కూలికి పోయేది. పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ దగ్గర కర్రలకు ఆకు కట్టేది. పచ్చాకు జిగురు పట్టి చేతులు నల్లగా అయ్యేవి, సబ్బుతో రుద్దినా పోయేది కాదు. ఆ చేతులతో బైబిలు ముట్టుకోవడానికి జంకేది. పెళ్లిలో ఇచ్చిన బైబిలు తెల్ల తువ్వాలలో చుట్టి ట్రంకుపెట్టెలో ఉండేది. ఆదివారం గుడికి తెచ్చుకుని ఒళ్లో పెట్టుకునేది.

చదువు రాదు గానీ ఇరవై మూడో కీర్తన మొత్తం నోటికొచ్చు. వాళ్లమ్మ నేర్పింది. రాత్రి పడుకోబోయే ముందు మాతో చెప్పించేది. “యెహోవా నా కాపరి, నాకు ఏమి కలుగదు.”

విన్నారా? ఏమి కలుగదు. తనకు ఏమీ కాదు, తన పిల్లలకు ఏ కీడూ రాదు అని ఆమె అర్థం. నేను బళ్లో చదువుకుంటున్న పిల్లని, నా బైబిల్లో సరిగ్గానే ఉంది. అమ్మ నోరు జారుతోంది అనుకున్నాను. సరిచేయాలని కూడా తోచలేదు.

1974లో మా అన్న చనిపోయాడు. పదమూడేళ్లు. జ్వరం. ఎద్దుల బండి మీద కావలి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. పరామర్శకు వచ్చిన వాళ్లలో ఒకరు, సంఘంలో పెద్ద మనిషే, “విశ్వాసం చాల్లేదమ్మా నీకు” అన్నారు. ఆ మాట మా అమ్మ గుండెలో ముల్లులా దిగింది. దేవుడు ఏమీ కాదని మాట ఇచ్చాడు. అయినా అయింది. దేవుడు అబద్ధమాడడు. అయితే తప్పు తనది. ఇదీ ఆమె లెక్క. పదిహేడేళ్లు ఆ లెక్కతోనే బతికింది. ప్రార్థన మానలేదు, గుడి మానలేదు. కీర్తన చెప్పడం మాత్రం మానేసింది. ఎందుకు మానేసిందో నేను అడగలేదు.

1991లో నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరజ్యోతి కార్యక్రమం వచ్చింది. మా పల్లెలో రాత్రిపూట అరుగు మీద లాంతరు పెట్టుకుని, ఇంటర్ చదివే పిలకాయలు తమ తల్లుల వయసు వాళ్లకి పలకలు ఇచ్చి దిద్దించారు. అమ్మ కూడా పోయింది, కూలి నుంచి వచ్చి, వంట చేసి, అందరికీ పెట్టి. ఆ ఏడు క్రిస్మస్ సెలవులకు నేను ఇంటికి వెళ్లాను. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. టీచర్ ఉద్యోగం. ఊళ్లో వాళ్ల పిల్లలందరికీ చదువు చెబుతున్నాను, మా అమ్మకు చెప్పలేదు. ఇది ఈ వేదిక మీద నిలబడి ఒప్పుకుంటున్నాను.

రాత్రి అన్నాలయ్యాక అమ్మ పెట్టె తెరిచి బైబిలు తీసింది. “పాపా, ఇట్రా. ఈడ అచ్చు తప్పు పడింది చూడు” అంది. వేలు పెట్టి చూపించింది. “‘ఏమి’ అని గదా ఉండాల్సింది. ‘లే’ పడింది. లేమి అని ఉండాది.”

“తప్పు కాదమ్మా, అదే మాట. లేమి అంటే లేకపోవడం, కరువు” అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అయితే నాకు ఏమీ కాదని ఆయన మాట ఇయ్యలేదా?” అని అడిగింది.

“లేదమ్మా.”

వేలు కిందికి జరుపుకుంటూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నాలుగో వచనం దాకా వచ్చింది. “గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను” అక్కడ ఆగింది. ఆ మాట కూడా ఆమెకు నోటికొచ్చిందే. కానీ నోటికొచ్చింది గబగబా దొర్లిపోతుంది. వేలు పెట్టి చదివితే ఆగుతుంది. “లోయ ఉందని ఆయన ముందే చెప్పినాడు గదే” అంది. “అబ్బోడు పోయింది నా అవిశ్వాసం వల్ల కాదు.”

అప్పుడు ఏడ్చింది. పదిహేడేళ్ల ఏడుపు.

తెల్లారి నేను అడిగాను, “మరి మనకు లేమి లేకుండా ఉందా అమ్మా?” అని. టీచర్ బుద్ధి. పొయ్యి ఊదుతూ ఆమె చెప్పిన జవాబు ఇది. “ఉండాది. కానీ ఇప్పుడు నా చేతిలో నోటు ఉండాది గదా. రాసిచ్చినోణ్ణి అడుగుతా.” ఎన్ని ప్రామిసరీ నోట్ల మీద వేలిముద్ర వేసిందో నాకు తెలుసు. ఏం రాశారో తెలియకుండా వేసిన ముద్రలు. మొదటిసారి తన పేరున రాసిన నోటు తానే చదువుకుంది.

ఆ తర్వాత ఆమె ప్రార్థన మారిపోయింది. అంతకు ముందు క్షమించు తండ్రీ, క్షమించు తండ్రీ అనేది. ఆ తర్వాత అడగడం మొదలుపెట్టింది.

మా ఊరికి దగ్గర్లోనే కలిగిరి మండలంలో దూబగుంట. అక్కడ అదే చదువు ఏం చేసిందో మీకు తెలుసు. సారా తాగొచ్చిన మగవాళ్లు రాత్రి బడులు సాగనివ్వకపోతే, వర్ధినేని రోశమ్మ గారు, ఆ ఊరి ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించారు. వాళ్ల సంగతి వాచకంలో పాఠంగా వచ్చింది. ఆ పాఠం కూడబలుక్కుని చదివిన పక్క ఊళ్ల ఆడవాళ్లు మనమూ చేయొచ్చు కదా అనుకున్నారు. జిల్లా అంతా లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బందయింది. హిందువులు, ముస్లిములు, మన వాళ్లు, అందరూ ఉన్నారు ఆ పోరాటంలో. మా అమ్మ కూడా చీపురు పట్టుకుని నిలబడింది.

అదే రోజుల్లో మా పేటలో ఒక పంచాయితీ. భర్త కొట్టాడు, భార్య పుట్టింటికి పోయింది. సంఘ పెద్ద కొలస్సయుల పత్రిక మూడో అధ్యాయం తెరిచి, “భార్యలారా, మీ భర్తలకు విధేయులై యుండుడి” అని చదివి బైబిలు మూసేశాడు. ప్రతి పంచాయితీలో అంతే, పద్దెనిమిదో వచనం దగ్గర మూతపడేది. ఆ రోజు అమ్మతో కలిసి పలక పట్టిన ఒకామె తన బైబిలు తెరిచి లేచి నిలబడింది. “అయ్యా, పద్దెనిమిది కింద పందొమ్మిది ఉందయ్యా” అని చదివింది. “భర్తలారా, మీ భార్యలను ప్రేమించుడి, వారిని నిష్ఠురపెట్టకుడి.”

అక్కడున్న ఆడవాళ్లలో చాలామంది ఆ మాట వినడం అదే మొదలు. వాక్యం మీద గౌరవం తగ్గిందా? వాళ్లకు ఆ రోజు దేవుడు తమ పక్షాన కూడా మాట్లాడాడని తెలిసింది. మరుసటి ఆదివారం గుడి నిండింది.

అధ్యక్షురాలు గారు చీటీ పంపారు. ఐదు నిమిషాలే ఉంది. సరే.

ఇప్పుడు ఫోన్ ఉంది కదా టీచరమ్మా, వాక్యం చదివి వినిపిస్తుంది, చదువెందుకు అని మొన్న ఒక చెల్లెలు అడిగింది. వినండి, మంచిదే, చూపు ఆనని వాళ్లకు అదే దిక్కు. కానీ ఫోన్‌లో మాట దాటిపోతుంది. అది ‘ఏ’యా ‘లే’యా అని వేలు పెట్టి నిలదీయలేం.

2011 జనాభా లెక్కల్లో ప్రకాశం జిల్లా ఆడవాళ్లలో చదువు వచ్చిన వాళ్లు సగానికి కొంచెం పైన. మిగిలిన వాళ్లు ఎక్కడో లేరు. ఈ చాపల మీదే ఉన్నారు. పాటల పుస్తకం ఇస్తే పక్కామెకు అందిస్తున్నారు. మనకు తెలుసు, చూడనట్టు ఊరుకుంటున్నాం. పిడికెడు బియ్యం కానుక ఎవరు పోగుచేస్తున్నారు? మీరు. ఆ లెక్క పుస్తకం ఎవరి దగ్గరుంది? ఎవరినీ అనుమానించి అనడం లేదు. మీ బియ్యం లెక్క మీరు చదువుకోవాలి అంటున్నాను.

అయ్యగారూ, ఒక మనవి. వారంలో ఏడు రోజులూ ఈ గుడిలో ఏదో ఒక కూడిక ఉంది. ఉపవాస కూడిక, యవ్వనస్థుల కూడిక, క్వయర్ ప్రాక్టీసు. బుధవారం సాయంత్రం ఒక్క గంట నాకు ఇవ్వండి. పలకలు నేను తెస్తాను. యవ్వనస్థులు నలుగురు కావాలి, ఒక్కొక్కరు ముగ్గురు పెద్దమ్మల పక్కన కూర్చుని, విసుక్కోకుండా, వాళ్ల వేలు కదిలినంత నెమ్మదిగా చదివించాలి. అమ్మాయిలే రావాలని లేదు, అబ్బాయిలు కూడా రండి.

అక్కల్లారా, సిగ్గుపడకండి. కళ్లు కనపడకపోతే కళ్లజోడు సంగతి నేను చూస్తాను. ‘అ ఆ’లతో మొదలుపెట్టను. మీకు నోటికొచ్చిన కీర్తనతోనే మొదలుపెడతాను. అది మీకు ముందే తెలుసు, అక్షరం ఎక్కడుందో చూపిస్తే చాలు.

తలుపు దగ్గర చెప్పులు విడిచే చోట బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాను. పేరు రాయడం వచ్చిన వాళ్లు రాయండి. రాని వాళ్లు నా దగ్గరికి రండి, మీరు చెబితే నేను రాస్తాను. వేలిముద్రలకు ఇంకుప్యాడు పెట్టలేదు. బుధవారం ఐదున్నరకు మొదటి పాఠం, ‘లేమి’.