మంత్రి తప్పించుకోలేని ప్రశ్న ఎలా ఉంటుంది?

[తెరపై: పాత శాసన మండలి మందిరం బొమ్మ. ఒక మూల తేదీ: 16 ఫిబ్రవరి 1893]

మన దేశంలో చట్టసభలో అడిగిన మొట్టమొదటి ప్రశ్న ఎవరి గురించో తెలుసా? పల్లెటూళ్లలో చిన్న దుకాణం నడుపుకునేవాళ్ల గురించి. దొరలు, అంటే ప్రభుత్వ అధికారులు, జిల్లాల్లో పర్యటనకు బయలుదేరి ఊరి బయట గుడారాలు వేసుకుంటే, ఆ మకాంకు కావలసిన సరుకులు ఊరి దుకాణదారులు సమకూర్చాలి. వాళ్లు పడుతున్న ఆ అవస్థ గురించి 1893 ఫిబ్రవరి 16న మండలి సభ్యుడు భింగా రాజా ప్రభుత్వాన్ని అడిగారు.

1892 భారత కౌన్సిళ్ల చట్టం వచ్చేదాకా సభ్యులకు ప్రశ్నించే హక్కే లేదు. వచ్చాక కూడా, అడిగి ఊరుకోవలసిందే. ప్రభుత్వం ఏ జవాబు చదివితే అది విని కూర్చోవాలి. "మరి అలాగైతే ఇది ఎందుకిలా జరిగింది?" అని తిరిగి అడిగే వీలు 1909లో దొరికింది, అదీ మొదటి ప్రశ్న వేసిన సభ్యుడికి మాత్రమే. మిగతా సభ్యులు కూడా అందుకుని అడగడానికి 1919 చట్టం దాకా ఆగవలసి వచ్చింది. ఆ తిరుగు ప్రశ్ననే ఇప్పుడు అనుబంధ ప్రశ్న అంటున్నాం. ఒక్కొక్క మెట్టూ ఇంత కష్టపడి ఎక్కిన హక్కు ఇది. అందుకే దీన్ని ఎలా వాడుతున్నారో, ఎక్కడ జారవిడుస్తున్నారో వివరంగా చెప్పాలని ఈ వీడియో చేస్తున్నాను.

[తెరపై: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండా. బల్ల మీద తల్లులు, పిల్లలు. లోపల ఖాళీ కుర్చీ]

ఒక మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ఊహించుకోండి. పొద్దున్నుంచి జనం కూర్చుని ఉన్నారు. నర్సు ఉంది, డాక్టరు లేరు. ఎందుకు లేరో చెప్పేవాళ్లూ లేరు. ఇది ఎవరు ఎవరిని అడగాలి?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. తాగునీరు, స్థానిక సంస్థలు కూడా అంతే. కాబట్టి ఆ డాక్టరు పోస్టు గురించి అడగవలసింది శాసనసభలో, అంటే మీ ఎమ్మెల్యే. శాసన మండలి ఉన్నచోట ఎమ్మెల్సీ కూడా అడగవచ్చు. ఎంపీ ఇదే విషయాన్ని లోక్‌సభలో అడిగితే, ఇది రాష్ట్ర ప్రభుత్వం చూసుకునే పని అని నోటీసు తిరస్కరించే అవకాశం ఎక్కువ. అలాగని ఎంపీకి పని లేదనుకోకండి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద కేంద్రం మన రాష్ట్రానికి ఏ ఏడాది ఎంత ఇచ్చింది, అందులో ఎంత ఖర్చు కాలేదు అన్నది ఎంపీ అడగవలసిన ప్రశ్నే. ఇక మండల పరిషత్, జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశాల్లో ఎంపీటీసీ, జడ్పీటీసీ సభ్యులు వైద్యాధికారినే ఎదురుగా కూర్చోబెట్టి అడగవచ్చు. పత్రికల్లో ఒక మూల నాలుగు వాక్యాలుగా వచ్చి పోయే ఈ సమావేశాలకు విలువ చాలా ఉంది. అక్కడ జవాబు చెప్పే మనిషికి ఆ ఆసుపత్రికి వెళ్లే దారి తెలుసు.

ఇప్పుడు ప్రశ్న రాద్దాం. లోక్‌సభ నియమాలను ఉదాహరణగా తీసుకుంటాను, శాసనసభల నియమాలు కూడా చాలావరకు ఇదే బాటలో ఉంటాయి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. వాదనలు, వ్యంగ్యం, నిందలు, విశేషణాలు ఉండకూడదు. కోర్టు విచారణలో ఉన్న విషయం అడగకూడదు. అభిప్రాయం అడగకూడదు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఏ శాఖలకు వారంలో ఏ రోజు వంతు వస్తుందో ముందే నిర్ణయమై ఉంటుంది. వచ్చిన నోటీసుల వరస లాటరీలో తేలుతుంది.

నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. లోక్‌సభలో ఇవి రోజుకు 20. నక్షత్ర గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి, వాటికి రాతపూర్వక జవాబు సభ ముందు పెడతారు, అంతే.

[తెరపై: మొదటి కాగితం]

మన శాసనసభల ప్రశ్నోత్తరాల పత్రాలు చదివితే కొన్ని మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ వాడుకలోనే ఒక ప్రశ్న ఇలా ఉందనుకోండి:

"అ) ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యులు లేక ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్న విషయం వాస్తవమేనా? ఆ) అయితే, ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలు ఏమిటి?"

చదవగానే బాగానే ఉందనిపిస్తుంది. జనం బాధ ఉంది, చర్యలేవని నిలదీసినట్టూ ఉంది. జవాబు ఇలా వస్తుంది:

"అ) కాదండి. ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు."

అయిపోయింది. ఇంకో కేంద్రం నుంచి వారానికి రెండు రోజులు ఒక డాక్టరు వచ్చిపోతున్నా చాలు, "వైద్యులు లేక" అన్న మాట వాస్తవం కాకుండా పోతుంది. "తీవ్ర ఇబ్బందులు" ఉన్నాయని ఏ అధికారి రాసిస్తాడు? మొదటి భాగానికి కాదనగానే రెండో భాగం దానంతట అదే పడిపోతుంది. ఒక నోటీసు, కొన్ని వారాల ఎదురుచూపు, లాటరీలో వచ్చిన అదృష్టం, అన్నీ రెండు ముక్కల్లో ముగిసిపోతాయి. ఇలాంటి జవాబు చదివినప్పుడల్లా నాకు మంత్రి మీద కన్నా ప్రశ్న రాసినవాళ్ల మీద కోపం వస్తుంది. తలుపు వాళ్లే మూసి ఇచ్చారు.

[తెరపై: రెండో కాగితం]

అదే బాధను ఇలా అడగవచ్చు:

"అ) ఆ కేంద్రంలో మంజూరైన వైద్య, నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు ఎన్ని? ఈ ఏడాది ఏప్రిల్ 1 నాటికి భర్తీ అయి ఉన్నవి ఎన్ని? ఆ) ఖాళీగా ఉన్న ఒక్కొక్క పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీగా ఉంది? ఇ) ఆ కేంద్రంలో జీతం తీసుకుంటూ డిప్యుటేషన్ మీద వేరేచోట పనిచేస్తున్నవారు ఎందరు? ఈ) గత 3 ఆర్థిక సంవత్సరాల్లో ఆ కేంద్రానికి మందుల కోసం కేటాయించిన, విడుదల చేసిన, ఖర్చయిన మొత్తాలు విడివిడిగా ఎంత?"

దీనికి కాదండి అనడానికి లేదు. ప్రతి భాగానికీ ఒక అంకె, ఒక తేదీ చెప్పాలి. ఒక భాగం పోయినా మిగతావి నిలబడతాయి. తెలిసి తెలిసి తప్పు అంకె చెప్తే సభను తప్పుదోవ పట్టించారని సభా హక్కుల ఉల్లంఘన నోటీసు ఇవ్వవచ్చు.

సభలో ఏం జరుగుతుందో చూసేముందు సచివాలయంలో ఏం జరుగుతుందో చూడాలి. సభ కళ్లకు కనపడని ఈ భాగమే అసలైనదని నా నమ్మకం. ప్రశ్న శాఖకు చేరగానే అక్కడి నుంచి డైరెక్టరు కార్యాలయానికి, జిల్లా వైద్యాధికారికి, చివరికి ఆ కేంద్రానికే వెళ్తుంది. "అసెంబ్లీ ప్రశ్న" అంటే మామూలు ఉత్తరం కింద లెక్క కాదు, గడువు దాటడానికి వీల్లేదు. ఆరోగ్య కేంద్రంలో ఫోను మోగుతుంది. పోస్టు ఎప్పటి నుంచి ఖాళీ, ఫలానా ఆయన ఎవరి ఉత్తర్వు మీద వేరేచోట ఉన్నారు అని పై నుంచి అడుగుతారు. మంత్రి చేతికి కాగితం వెళ్లేలోపే డిప్యుటేషన్ రద్దు చేస్తే జవాబు గౌరవంగా ఉంటుందని ఎవరికో తోచవచ్చు. ఆ సభ్యుడికి సభలో మైకు దొరికినా దొరక్కపోయినా, ప్రశ్న సగం పని అక్కడే చేసింది.

మిగతా సగం సభలో. లోక్‌సభలో ప్రశ్నోత్తరాల సమయం 11 గంటలకు మొదలవుతుంది, రాజ్యసభలో 2014 నుంచి మధ్యాహ్నం 12కి మార్చారు. ఆ గంటలో 20 ప్రశ్నలూ రావు, కొన్నే వస్తాయి. మిగిలిన నక్షత్ర ప్రశ్నలకు రాతపూర్వక జవాబుతో సరిపెడతారు. సభ నినాదాలతో వాయిదా పడ్డ రోజు కూడా అంతే. జవాబులు కాగితాల మీద భద్రంగా ఉంటాయి, పోయేది అనుబంధ ప్రశ్న. "డాక్టరు 14 నెలలుగా లేరని మీరే చెప్పారు, మందులకు విడుదలైన డబ్బు ఎవరి సంతకంతో ఖర్చయింది?" అని లేచి అడిగే ఆ ఒక్క నిమిషం పోతుంది. ఆ ప్రశ్నకు మంత్రి ముందు రాసుకుని రాలేరు. తన శాఖ తనకు తెలుసో లేదో అప్పుడే బయటపడుతుంది. 2020 సెప్టెంబరులో కోవిడ్ కారణంగా పార్లమెంటు ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసేసి రాత జవాబులు మాత్రం ఉంచినప్పుడు జరిగిన నష్టం అదే. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంది.

మంత్రి దగ్గర ఇంకో దారి ఉంది: "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం." చాలామంది ఇక్కడితో ఆశ వదులుకుంటారు. వదులుకోనక్కరలేదు. లోక్‌సభ లెక్కలో ఆ మాట ఒక హామీ. "పరిశీలనలో ఉంది" అన్నా హామీయే. ఇలాంటి మాటలను ఏరి, నెరవేర్చారా లేదా అని వెంటాడడానికి 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ పనిచేస్తోంది. నెరవేర్చడానికి 3 నెలలు గడువు. గడువులు దాటిపోవడం మామూలే అయినా, అంతమాత్రాన హామీ జాబితాలోంచి చెరిగిపోదు. శాసనసభల్లోనూ ఇలాంటి కమిటీలు ఉన్నాయి.

[తెరపై: మూడు గడులు. కేటాయింపు, విడుదల, ఖర్చు]

ఇప్పుడు డబ్బు సంగతి. బడ్జెట్ ప్రసంగంలో వినేది మొదటి గడి, కేటాయింపు. ఆర్థిక శాఖ నుంచి కదిలింది రెండో గడి. బిల్లు చెల్లించింది మూడోది. వీటికి ఆవల కూడా ఒకటి ఉంది. తాగునీటి పథకమే తీసుకోండి: ట్యాంకులో నీళ్లున్నాయా? వినియోగ ధ్రువపత్రం వచ్చిందంటే డబ్బు ఖర్చు రాశారని మాత్రమే తెలుస్తుంది, కుళాయి తిప్పితే ఏం వస్తుందో ఆ పత్రంలో ఉండదు. అందుకే మన ప్రశ్నలో ఆ మూడు మొత్తాలనూ "విడివిడిగా" అన్నాను. ఆ ఒక్క మాట లేకపోతే కేటాయింపు అంకె చెప్పి కూర్చుంటారు.

బడ్జెట్ పద్దులు సభ ఆమోదానికి వచ్చినప్పుడు సభ్యుడికి కోత తీర్మానం అనే సాధనం ఉంది. ఒక ప్రత్యేకమైన బాధ చెప్పుకోవాలంటే, ఆ శాఖ పద్దులోంచి 100 రూపాయలు తగ్గించాలని ప్రతిపాదిస్తారు. వేల కోట్ల పద్దులో 100 రూపాయలు తగ్గితే ఎవరికీ ఏమీ కాదు. కానీ ఆ 100 రూపాయల పేరు మీద మీ ఊరి ఆసుపత్రి పేరు సభ రికార్డులోకి ఎక్కుతుంది. విధానాన్నే వ్యతిరేకిస్తే మొత్తం పద్దును 1 రూపాయికి తగ్గించాలంటారు. విచారం ఏమిటంటే, చాలా శాఖల పద్దులకు చర్చ దాకా వచ్చే యోగం ఉండదు. చివరి రోజు గిలెటిన్ పేరుతో అన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టేస్తారు.

ఖర్చయిపోయాక కాగ్ వస్తుంది, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. రాజ్యాంగం 151వ అధికరణ ప్రకారం కాగ్ నివేదికలు సభ ముందుకు రావాలి. వాటిని ప్రజా పద్దుల కమిటీ పరిశీలిస్తుంది. పార్లమెంటు కమిటీలో 22 మంది, మంత్రులకు చోటు లేదు. 1967 నుంచి దీనికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షత వహించడం ఆనవాయితీ. ఇక్కడ కెమెరాలు ఉండవు, కార్యదర్శి స్థాయి అధికారులే ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి. అయితే ఇదంతా డబ్బు పోయిన కొన్నేళ్లకు. ఆలస్యమే దీని లోపం.

ఒక్క ప్రశ్న ఎంతదూరం వెళ్తుందో 1957లో దేశం చూసింది. జీవిత బీమా సంస్థ వ్యాపారి హరిదాస్ ముంధ్రా కంపెనీల్లో పెట్టిన పెట్టుబడుల గురించి లోక్‌సభలో ప్రశ్నలు వచ్చాయి. ఫిరోజ్ గాంధీ పాలక పక్ష సభ్యుడై ఉండి కూడా ఆ తీగ పట్టుకుని లాగారు. జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది. 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇదే హక్కును అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. ప్రశ్న అడగడానికి డబ్బు తీసుకున్నారని 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది. ప్రశ్నకు విలువ లేకపోతే ఎవరూ కొనరు కదా.

[తెరపై: మళ్లీ ఆరోగ్య కేంద్రం వరండా. ఒక చేతిలో కాగితం]

ఎమ్మెల్యేకు మీ మండలంలోని ప్రతి కేంద్రంలో ఏ పోస్టు ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో తెలియకపోవచ్చు. మీకు తెలుసు. వినతిపత్రంలో "మా సమస్య పరిష్కరించగలరు" అని రాస్తే అది కట్టలో కలిసిపోతుంది. దాని బదులు మూడు విషయాలు రాయండి: కేంద్రం పేరు, డాక్టరు చివరిసారిగా ఎప్పుడు వచ్చారో ఆ తేదీ, మీకు కావలసిన అంకెలు. ఇప్పుడు చూసిన రెండో కాగితంలోలా అ, ఆ, ఇ, ఈ అని విడగొట్టి ఇస్తే ఆయన సహాయకుడు దాన్నే నోటీసుగా మార్చుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద ముందే దరఖాస్తు పెట్టి, 30 రోజుల్లో వచ్చిన జవాబును జతచేస్తే ఇంకా మంచిది. అప్పుడు అనుబంధ ప్రశ్న కూడా మీరే ఇచ్చినట్టు.

సమావేశాల తేదీలు పత్రికలో కనబడే వేళకే నోటీసు గడువు లెక్క మొదలైపోతుంది. ఆ కాగితం అంతకు ముందే ఆయన చేతిలో ఉండాలి.