కండ్లకలక వైరస్‌కు స్పిరిట్ దూది చాలదు

వేదిక మీది పెద్దలకు నమస్కారం. నాకిచ్చిన అంశం కండ్లకలక తెచ్చే అడినోవైరస్ క్యాప్సిడ్ ప్రోటీన్లు, అంటే దాని పెంకులోని ప్రోటీన్లు. ఎదురుగా ఉన్నది కంటి ఆస్పత్రుల నర్సులు, ఆప్టోమెట్రిస్టులు. కాబట్టి సగం పాఠం, సగం పోట్లాట.

ఈ వైరస్ అడ్డకొలత సుమారు 90 నానోమీటర్లు. పైన కొవ్వు పొర లేదు, పెంకంతా ప్రోటీనే. 20 ముఖాల ఆ పెంకులో హెక్సాన్‌లనే ప్రోటీన్ ఇటుకలు 240. 12 మూలల్లో పెంటాన్ బేస్‌లనే ప్రోటీన్ దిమ్మెలు, ఒక్కో దాని మీద పుల్లలా ఒక ఫైబర్, ఫైబర్ చివర గుండు. కణాన్ని ముందు పట్టుకునేది ఆ గుండే. జలుబు తెచ్చే 5వ రకానికి కణం మీద కార్ అనే రిసెప్టర్, అంటే పట్టు దొరికే ప్రోటీన్, కావాలి. కంటిని పీడించే 8, 37 రకాలు కణం మీది సయాలిక్ ఆమ్లం అనే చక్కెరను పట్టుకుంటాయి. ఆ తర్వాత పెంటాన్ బేస్ మీది ఆర్‌జీడీ, అంటే మూడు అమైనో ఆమ్లాల వరుస, కణం మీది ఇంటెగ్రిన్లనే ప్రోటీన్లకు తగులుకుంటుంది. కణం వైరస్‌ను మింగుతుంది. లోపల పెంకు సడలి, ప్రోటీన్ 6 బయటపడి ఎండోసోమ్, అంటే వైరస్‌ను మింగిన సంచి, పొరను చీలుస్తుంది.

ఇక్కడొక మాట. ఎలుకల కార్నియాలో, అంటే కంటి ముందరి పారదర్శక పొరలో, 37వ రకంతో పరీక్షిస్తే, డీఎన్‌ఏ లేని ఖాళీ పెంకుకే కార్నియా వాచింది. ఆర్‌జీడీ వరుసున్న పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్క, ఇస్తే తెల్లకణాలు చేరడం ఆగింది. అంటే వాపు రావడానికి వైరస్ పెరగనక్కర్లేదు, పెంకు తగిలితే చాలు.

హెక్సాన్ మీద యాంటీబాడీల సంగతి ఇంకా ఉంది, వదిలేస్తున్నాను. కంటి ఒత్తిడి కొలిచే టోనోమీటర్ కొననుండే ప్రిజం గురించి అడగాలి. ఒకరి కంటికి ఆనించినదాన్ని స్పిరిట్ దూదితో ఒక్క తుడుపు తుడిచి ఇంకొకరి కంటికి పెడుతున్నారా, లేదా? చెప్పండమ్మా! స్పిరిట్ ప్రతాపమంతా ముఖ్యంగా కొవ్వు పొర మీద. ఇక్కడ ఆ పొరే లేదు. పైగా దూది తడి క్షణాల్లో ఆరిపోతుంది. పొడి ప్లాస్టిక్ మీద ఈ వైరస్ వారాల తరబడి నిలుస్తుంది.

స్పిరిట్‌కు బదులు 5 శాతం సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్ ద్రావణం, ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు, ఏ రోజుది ఆ రోజే కలపాలి. ముందు ప్రిజాన్ని కడిగి తుడవండి. కన్నీటి జిగురు మిగిలితే క్లోరిన్ దానికే ఖర్చైపోతుంది. కొన మాత్రం ఆ ద్రావణంలో మునిగేలా 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి. తీశాక ధారగా నీళ్లు పోసి కడిగి, ఆరనివ్వండి. ప్రిజం మీద బ్లీచ్ మిగిలిందా, తర్వాతి రోగి కార్నియా కాలుతుంది. గంటల తరబడి నానబెట్టకండి, ప్రిజం పాడవుతుంది. పగులుందేమో స్లిట్ ల్యాంప్, అంటే కంటిని పెద్దదిగా చూపే పరికరం, కింద చూడండి.

ఒక్క ప్రిజంతో ఇది నడవదు, మెషీన్‌కు మూడైనా కావాలి. యాజమాన్యం కొననంటే, కన్ను ఎర్రబడి నీరు కారుతున్నవాళ్లకు ఒకసారి వాడి పారేసే కొనలే తెప్పించండి. చుక్కల మందు సీసా మూతి రెప్పకు తగిలిందా, ఆ సీసా చెత్తబుట్టలోకే.