దుప్పటి కప్పిన డాక్టరు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, మన్నించాలి. గర్భసంచిలో రక్తప్రసరణ గురించి చెప్పమన్నారు.

మామూలు రోజుల్లో గర్భసంచికి నిమిషానికి దాదాపు 50 మిల్లీలీటర్ల రక్తం వెళ్తుంది. నెలలు నిండేసరికి అది 500 నుంచి 700 దాకా పెరుగుతుంది. గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నటి ధమనులుంటాయి. మాయ (ప్లాసెంటా) కణాలు వాటిలోకి చొచ్చుకెళ్లి, వాటి కండరాన్ని కరిగించి, వెడల్పాటి గొట్టాలుగా మార్చేస్తాయి. ఇక అవి ముడుచుకోమన్నా ముడుచుకోవు. ఈ పని సగంలో ఆగితే బిడ్డకు రక్తం చాలదు, తల్లికి బీపీ పెరగొచ్చు. దీనిమీద స్లైడ్లు తెచ్చాను. వద్దులెండి, పక్కన పెడదాం.

ముడుచుకోవన్నాను కదా, మరి మాయ ఊడిపడ్డాక ఆ తెరుచుకున్న నోళ్లను మూసేదెవరు? గర్భసంచి కండరమే. అటూ ఇటూ అల్లుకున్న దాని పోగుల మధ్య నుంచే ఆ నాళాలు వెళ్తాయి. కండరం బిగిస్తే ఒక్కో నాళానికీ ముడి పడుతుంది. బిగించకపోతే? ఇందాకటి లెక్క గుర్తు తెచ్చుకోండి.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి కాన్పు సులువుగా అయిపోయింది. బిడ్డ ఏడ్చింది. అందరం బిడ్డ చుట్టూ చేరాం. తల్లి "చలేస్తోంది డాక్టరమ్మా" అంది. నేను దుప్పటి కప్పాను. దుప్పటండీ! కాసేపటికి కళ్లు తిరుగుతున్నాయంది. సీనియర్ సిస్టరు వచ్చి దుప్పటి లాగేసి పొట్ట మీద చెయ్యి వేసింది. బొడ్డు దగ్గర గట్టిగా తగలాల్సిన గర్భసంచి ఎక్కడుందో కూడా తెలియలేదు. కింద వేసిన గుడ్డ తడిసి బరువెక్కింది. ఆవిడ పొట్ట రుద్దుతూనే "మూత్రసంచి నిండిపోయింది, ట్యూబ్ వెయ్యి, ఆక్సిటోసిన్ తే" అని నామీద అరిచింది. నిండిన మూత్రసంచి గర్భసంచిని బిగుసుకోనివ్వదు; ఆక్సిటోసిన్ దాన్ని బిగించే మందు. ఆ తర్వాత నా చెయ్యి లాక్కుని అక్కడ పెట్టింది. రాయిలా తగిలింది. "ఇదీ, ఇలా ఉండాలి" అంది. ఆ తల్లి బతికింది.

కాన్పయ్యాక పోయిన రక్తం 500 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ పోయినట్టే. కంటితో చూసి చెప్పే లెక్క చాలాసార్లు తక్కువకే వస్తుంది. గుడ్డలు తూచండి. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు నొప్పి అని బాలింత అంటే విసుక్కోకండి, ఆ కండరం బిగుస్తోందన్నమాట. అలా బిగుస్తూనే కిలో బరువున్న సంచి ఆరు వారాల్లో వంద గ్రాములకు దిగుతుంది.

వెనక వరుసలో నర్సింగ్ పిల్లలు, ఒక్కసారి చేతులెత్తండి. కాన్పయ్యాక మొదటి రెండు గంటలూ పావుగంటకోసారి పొట్ట పట్టి చూసేవాళ్లు? షీట్‌లో రాసేవాళ్లు కాదమ్మా, చెయ్యి వేసి చూసేవాళ్లు.

దించేశారే! ఆ రాత్రిదాకా నేనూ మీలాగే షీట్ నింపాను.