ఒకే తెర వెనక

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలున్నారు, తెర వెనక ముస్తాబవుతున్న కళాకారులున్నారు, ఇంకా లైట్లు బిగిస్తున్న తమ్ముళ్లున్నారు. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. చదువుతూ కూర్చుంటే పాటకు దక్కాల్సిన సమయం నాకే సరిపోతుంది. పెద్దలు మన్నించాలి.

ఈ సాయంత్రం జానపదమూ, క్వీర్ క్లబ్బు ఆటా (హిజ్రాలు, ట్రాన్స్, గే, లెస్బియన్ వాళ్ల ఆట) ఒకే వేదిక మీదున్నాయి. ఆ రెంటికీ సంబంధమేమిటని ఇందాక గుమ్మం దగ్గర ఒకాయన అడిగారు. ఆ సంబంధం చట్టమే రాసిపెట్టిందండీ. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో రెండో భాగం హిజ్రాల మీదికే వచ్చింది. వాళ్ల పేర్లు పోలీసు రిజిస్టరుకెక్కాయి. అలా ఎక్కినవాళ్లు ఆడవేషంలో వీధిలో కనబడినా, నలుగురి ముందు ఆడినా, వాద్యం వాయించినా వారంటు లేకుండా పట్టుకెళ్లొచ్చు. రెండేళ్ల దాకా జైలు. 1919లో హైదరాబాద్ రాజ్యమూ అలాంటి చట్టమే చేసింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది ఎప్పుడో తెలుసా? 2023 జులైలో. మొన్నండీ, మొన్న! కట్టూబొట్టూ, ఆటా, వాద్యమూ అన్నీ ఒకే సెక్షన్లో నేరాలు.

ఇదంతా బయటినుంచి వచ్చిందనేవాళ్లకు ఒక్క మాట. చౌడికె అనే తంత్రీ వాద్యం మీటుతూ ఎల్లమ్మ పాటలు పాడే జోగప్పలు, మగబిడ్డలుగా పుట్టి ఎల్లమ్మ పేరున ఆడవేషంలో బతికేవాళ్లు, ఎక్కడినుంచి వచ్చారు? వాళ్లలో ఒకరైన జోగతి మంజమ్మ గారు కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. అటు న్యూయార్క్ హార్లెంలో, క్వీర్ వాళ్లు వేషం, నడక, ఆటలో పోటీపడే బాల్‌రూముల్లో, ఇంట్లోంచి గెంటేసిన నల్లజాతి, లాటినో పిల్లల్ని ‘హౌస్ మదర్’, అంటే ఆ బృందానికి తల్లిలాంటి పెద్ద, చేరదీసి నడక నేర్పింది, వోగ్ అనే ఆట నేర్పింది. ఒకరిని చూసి ఒకరు పట్టుకున్న విద్య అది. జానపదమంటే అది కాక మరేమిటి?

ఇంకా చాలా రాసుకొచ్చాను. ఆ కాగితం పక్కన పెడుతున్నాను. అసలు చెప్పాలని వచ్చింది వేరే ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక సభలో పాడటానికి వెళ్లాను. జానపదం వాళ్లకు శాలువా, పారితోషికం, పోస్టరులో పేరు. చివర్లో ఆడాల్సిన డ్రాగ్ కళాకారిణికి, అంటే నిండుగా ఆడవేషం కట్టి ఆడే ఆమెకు, బస్సు చార్జీ. పోస్టరులో ఆమె పేరు లేదు. ముస్తాబు గది మాత్రం అందరికీ ఒకటే. ఆమె రికార్డు సరిచూసుకుంటుంటే మా డోలక్ తాత విన్నాడు. "రికార్డెందుకు బిడ్డా, నేను వాయిస్తా, నువ్వాడు" అన్నాడు. ఆ గదిలోనే పది నిమిషాలు సాధన చేశారు. ఆమె మడమ ఎక్కడ పడితే తాత దెబ్బ అక్కడ పడింది. ఎన్నో ఏళ్లుగా కలిసి ఆడినవాళ్లనిపించింది.

అంతలో నిర్వాహకుడు వచ్చాడు. జానపదం పవిత్రత చెడుతుందన్నాడు. తాత డోలక్‌కు గుడ్డ చుట్టేసి, శాలువా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆమె సగం ఖాళీ అయిన హాల్లో, రికార్డుకే ఆడింది. నేను ముందు వరసలోనే ఉన్నాను. నోరు తెరవలేదు. నా శాలువా మడత ఇప్పటిదాకా విప్పలేదు. అందుకే ఇలాంటి సాయంత్రానికి ఎవరు పిలిచినా వద్దామనుకున్నాను.

ఇవాళ మూడో అంశానికి రికార్డు లేదు. డోలక్ ఉంది. ఆ తాత లేడు, ఆయన మనవడు వాయిస్తున్నాడు.

ఒక్క విన్నపం, చేతులు జోడించి చెబుతున్నాను. ఫోన్లు లోపల పెట్టండి. ఇప్పుడు ఆడబోయేవాళ్లలో ఇంట్లో ఇంకా చెప్పుకోనివాళ్లున్నారు. మీరు సరదాకి తీసిన వీడియో రేపు వాళ్ల నాన్న చేతిలో పడుతుంది. కాలేజీలో పడుతుంది, ఇంటి ఓనరు చేతిలో పడుతుంది. కళ్లతో చూడండి, ఈలలు వేయండి, చప్పట్లు కొట్టండి. ఫోటో మాత్రం వద్దు. ఆ వెనక వరసలో బాబూ, నీకే చెబుతున్నాను... అదీ, జేబులో పెట్టు. సంతోషం.

తమ్ముడూ, ఇక లైట్లు తగ్గించు.