ఆరు షిల్లింగుల కోసం ఒక సీజన్: 1895-96 నార్తర్న్ యూనియన్

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను చెప్పబోయే సీజన్‌లో ఎవరు గెలిచారో ముందే చెప్పేస్తాను. 1895-96లో ఉత్తర ఇంగ్లండ్‌లోని 22 రగ్బీ క్లబ్బులు కలిసి ఒక లీగ్ ఆడాయి. మానింగ్‌హమ్ 66 పాయింట్లతో మొదటి స్థానంలో, హాలిఫాక్స్ 65తో రెండో స్థానంలో నిలిచాయి. తమాషా ఏమిటంటే, మానింగ్‌హమ్ 9 మ్యాచ్‌లు ఓడితే హాలిఫాక్స్ ఓడింది 7 మాత్రమే. కానీ గెలిస్తే 2, డ్రా అయితే 1. హాలిఫాక్స్ 5 మ్యాచ్‌లు డ్రా చేసుకుంది, మానింగ్‌హమ్ ఒక్కటీ చేసుకోలేదు. ఆ డ్రాల్లో ఏ రెండింటిని గెలుచుకున్నా టైటిల్ హాలిఫాక్స్‌దే.

ఈ రోజు మనం రగ్బీ లీగ్ అంటున్న ఆటకు ఇదే మొట్టమొదటి సీజన్. అయితే నన్ను అడిగితే, ఆ ఏడాది మైదానంలో కొత్త ఆట ఏదీ పుట్టలేదు. జట్టుకు 15 మందే. ఇరుజట్లవాళ్ళూ భుజాలు కలిపి తోసుకునే స్క్రమ్ అదే, బయటికి పోయిన బంతిని రెండు వరసల మధ్యకు విసిరే లైన్-అవుట్ అదే, బంతి అదే. మారింది ఒక్కటే. పని మానుకుని ఆడటానికి వచ్చినవాడికి రోజుకు ఆరు షిల్లింగుల దాకా ఇవ్వొచ్చని ఒప్పుకున్నారు. ఒక దేశంలో ఒక ఆట రగ్బీ యూనియన్, రగ్బీ లీగ్ అని నిట్టనిలువునా చీలిపోవడానికి ఆ ఆరు షిల్లింగులు చాలాయి. ఇరవై షిల్లింగులైతే ఒక పౌండు. లెక్క మీరే వేసుకోండి.

గొడవ ఎక్కడ మొదలైందో కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం. యార్క్‌షైర్, లాంకషైర్ అంటే బట్టల మిల్లులు, బొగ్గు గనులు, రేవులు. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం వచ్చాక మిల్లులకు శనివారం మధ్యాహ్నం నుంచి సెలవు దొరికింది. ఆ సగం రోజే అక్కడి ఆటలన్నింటికీ ప్రాణం పోసింది. మ్యాచ్ సొంత ఊళ్ళో అయితే ఇబ్బంది లేదు. సైరన్ మోగాక ముఖం కడుక్కుని మైదానానికి నడిచి వెళ్ళొచ్చు. పొరుగూరికి వెళ్ళాలంటేనే చిక్కు. పొద్దున్నే రైలెక్కాలి, అంటే ఆ పూట పని పోతుంది, పనితోపాటే కూలీ పోతుంది. క్లబ్బు ఆటగాడికి రైలు చార్జీ ఇవ్వొచ్చు, దానికి నిబంధనలు అడ్డురావు. పోయిన కూలి ఇస్తే మాత్రం వాడు డబ్బుకు ఆడేవాడన్న ముద్ర. రైలు చార్జీ పెద్దమనిషికీ కావాలి, కూలి నష్టం కూలివాడికి మాత్రమే ఉంటుంది. ఆ నిబంధన ఎవరు రాశారో, ఎవరి కోసం రాశారో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనుకుంటాను.

యార్క్‌షైర్ వాళ్ళు దీన్ని దొంగచాటుగా కాకుండా బాహాటంగానే అడిగారు. 1893 సెప్టెంబరులో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ హోటల్లో ఇంగ్లండ్‌లో రగ్బీని నడిపే సంఘమైన రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ సర్వసభ్య సమావేశం జరిగింది. యార్క్‌షైర్ తరఫున జేమ్స్ మిల్లర్ తీర్మానం పెట్టారు, మార్క్ న్యూసమ్ బలపరిచారు. నిజంగా పని పోగొట్టుకున్నవాడికి ఆ నష్టం పూడ్చడానికి అనుమతించండి అన్నదే అందులో విషయం. అది ఆట స్ఫూర్తికే విరుద్ధమని అవతలివాళ్ళు సవరణ పెట్టారు. ఓట్లు లెక్కిస్తే అవతల 282, ఇవతల 136. అవతలి ఓట్లలో ప్రాక్సీలు, అంటే సభకు రానివాళ్ళ తరఫున వేసినవి, బోలెడు. ఉత్తరాది నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళు ఆ రాత్రి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళారు.

మరి రెండేళ్ళు నానింది. 1895 ఆగస్టు 29, గురువారం, హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని, పాత యూనియన్‌కు రాజీనామా ఇచ్చి, నార్తర్న్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టుకున్నారు. స్టాక్‌పోర్ట్‌ను టెలిఫోన్లో సంప్రదించి చేర్చుకున్నారు. డ్యూస్‌బరీ వెనకడుగు వేసింది, ఆ స్థానంలోకి రన్‌కార్న్ వచ్చింది. పైగా వీళ్ళు ముహూర్తం కోసం చూసుకుంటూ కూర్చోలేదు. సెప్టెంబరు 7, శనివారం నాడు లీగ్ మొదలైపోయింది. అంటే తీర్మానానికీ తొలి మ్యాచ్‌కీ మధ్య తొమ్మిది రోజులు. అన్నీ ముందే మాట్లాడుకుని ఉంటే తప్ప ఇది కుదిరే పని కాదు.

క్లబ్బుల పేర్లు ఒకసారి చదువుతాను, వింటుంటే పటం కళ్ళముందు కనిపిస్తుంది. యార్క్‌షైర్ నుంచి బాట్లీ, బ్రాడ్‌ఫోర్డ్, బ్రిగ్‌హౌస్ రేంజర్స్, హాలిఫాక్స్, హడర్స్‌ఫీల్డ్, హల్, హన్స్‌లెట్, లీడ్స్, లివర్‌సెడ్జ్, మానింగ్‌హమ్, వేక్‌ఫీల్డ్ ట్రినిటీ. పెనైన్ కొండలకు అవతల లాంకషైర్, చెషైర్ నుంచి బ్రౌటన్ రేంజర్స్, లీ, ఓల్డమ్, రోచ్‌డేల్ హార్నెట్స్, రన్‌కార్న్, సెయింట్ హెలెన్స్, స్టాక్‌పోర్ట్, టిల్డ్స్‌లీ, వారింగ్టన్, విడ్నెస్, విగన్. కొండకు ఇటు పదకొండు, అటు పదకొండు. కొత్త యూనియన్ తొలి అధ్యక్షుడు బ్రిగ్‌హౌస్‌కు చెందిన హ్యారీ వాలర్, కార్యదర్శి ఓల్డమ్‌కు చెందిన జోసెఫ్ ప్లాట్.

ఇక మానింగ్‌హమ్ గురించి. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ సీజన్ మొత్తంలో నాకు నచ్చిన ఊరు ఇదే. నిజానికి ఊరు కాదు, బ్రాడ్‌ఫోర్డ్ నగరంలో ఒక పేట. ఆ పేట మధ్యలో లిస్టర్ కంపెనీ పట్టు మిల్లు, దాని పొగగొట్టం నగరంలో ఎక్కడి నుంచైనా కనబడుతుంది. 1890 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ముందు, మిల్లు యాజమాన్యం జీతాల్లో కోత పెడుతున్నట్టు నోటీసు అంటించింది. అమెరికా వేసిన కొత్త దిగుమతి సుంకాన్ని కారణంగా చూపించింది. వేలమంది సమ్మెకు దిగారు, వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. చలికాలమంతా నిలబడ్డారు. వీధి సభలను అధికారులు అడ్డుకున్నారు, చివరికి సైన్యమూ దిగింది. 1891 ఏప్రిల్‌లో సమ్మె ఓడిపోయింది. ఓడినవాళ్ళు ఊరుకోలేదు, కొద్ది వారాల్లోనే బ్రాడ్‌ఫోర్డ్‌లో కార్మిక సంఘ రాజకీయం మొదలుపెట్టారు. 1893 జనవరిలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పుట్టింది ఆ నగరంలోనే.

ఆ సమ్మె వల్లే రగ్బీ చీలిందని నేను అనడం లేదు. క్లబ్బులు నడిపినవాళ్ళు కార్మికులు కారు. స్థానిక వ్యాపారులు, సారాయి కంపెనీల వాళ్ళు, చిన్నా చితకా మిల్లు యజమానులు. వాళ్ళలో కొందరు తమ మిల్లులో కూలికి గీచి గీచి బేరమాడి, శనివారం మైదానంలో మాత్రం అదే కూలివాడి తరఫున మాట్లాడినవాళ్ళే అయ్యుంటారు. ఆరు షిల్లింగుల పరిమితి కూడా దయతో పెట్టింది కాదు. దానికి అటువైపు ఉన్నది గేటు వసూళ్ళ లెక్క. ఆటగాళ్ళు లేకపోతే జట్టు లేదు, జట్టు లేకపోతే గేటు దగ్గర ఆరు పెన్నీలు పడవు. కానీ 1891లో కోతకు తలవంచిన వీధుల్లోనే 1895లో పోయిన పూట కూలి లెక్కలోకి రావాలన్న మాట గట్టిగా వినిపించింది. దాన్ని కాకతాళీయం అని కొట్టిపారేయడం నాకు చేతకాదు.

సీజన్ మాటకొస్తే, ప్రతి జట్టూ మిగతా 21 జట్లతో సొంత మైదానంలో ఒకసారి, పరాయి మైదానంలో ఒకసారి, మొత్తం 42 మ్యాచ్‌లు ఆడాలి. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా, వానలో, బురదలో, మంచులో. తూర్పు తీరంలోని హల్ నుంచి పడమట మెర్సీ నది ఒడ్డున ఉన్న విడ్నెస్‌కు వెళ్ళి ఆడి రావాలి. వారమంతా గనిలోనో రేవులోనో ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళు ఇవన్నీ ఆడారు. స్కోర్లు చూస్తే ఈ కాలం ప్రేక్షకుడికి నీరసం వస్తుంది. సున్నాలు, మూళ్ళు, ఐదులు. బంతి కంటికి కనబడేది తక్కువ, ఎక్కువసేపు స్క్రమ్‌లో కాళ్ళ మధ్యే ఉండేది.

చివరి మ్యాచ్ దాకా టైటిల్ తేలలేదు. మానింగ్‌హమ్ లీడ్స్ నగరంలోని పార్క్‌సైడ్ మైదానానికి వెళ్ళి హన్స్‌లెట్‌ను ఓడించాలి. ఓడితే హాలిఫాక్స్ పైకి వస్తుంది. పరాయి మైదానం, చుట్టూ హన్స్‌లెట్ జనం. ఫలితం 5-0. ట్రై అంటే బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకు ఆనించడం. ఒక ట్రైకి మూడు, ఆ ట్రై మీద కాలితో కొట్టిన గోల్‌కు రెండు. ఎనిమిది నెలలు, 42 మ్యాచ్‌లు ఆడి తేల్చుకున్నది ఒక్క ట్రై దగ్గర.

ఇంత గట్టి పోటీ ఇచ్చిన లీగ్‌ను మరుసటి ఏడాదే రద్దు చేశారు. 1896-97లో యార్క్‌షైర్‌కు వేరు, లాంకషైర్‌కు వేరు పోటీలు పెట్టుకున్నారు. కొండ దాటి వెళ్ళే ప్రయాణాల ఖర్చు చిన్న క్లబ్బులకు భారమైంది. పక్క ఊరితో ఆడితే జనం వస్తారు, గేటు నిండుతుంది. అది చేదు నిజం, కానీ పద్దు పుస్తకం దగ్గర నిజమే నిజం. రద్దయిన లీగ్‌కు బదులు అందరినీ కలిపే నాకౌట్ పోటీగా ఛాలెంజ్ కప్ పెట్టారు. 1897 ఏప్రిల్ 24న హెడింగ్లీలో జరిగిన తొలి ఫైనల్లో బాట్లీ 10-3తో సెయింట్ హెలెన్స్‌ను ఓడించింది.

ఆట రూపం మారడం మొదలైంది కూడా అప్పుడే. టికెట్ కొన్నవాడికి బోర్ కొడితే పక్క వీధిలో సాకర్, అంటే మనం ఫుట్‌బాల్ అనే ఆట, ఉంది, అటు వెళ్ళిపోతాడు. అందుకే 1897లో లైన్-అవుట్ తీసేశారు, ఏ గోల్ అయినా రెండే పాయింట్లు అన్నారు, ట్రైకి మూడు ఉంచారు. కాలితో కొట్టడం కన్నా చేత్తో మోసుకుపోవడానికి విలువ పెంచారన్నమాట. 1906లో ఇద్దరు ఆటగాళ్ళను తగ్గించి జట్టుకు 13 మంది అన్నారు. కూలి గొడవతో విడిపోయిన పదకొండేళ్ళకు గానీ అది చూడగానే వేరే ఆటగా గుర్తుపట్టేలా తయారు కాలేదు.

ఈలోగా డబ్బు విషయంలో వాళ్ళు పడిన తంటాలు ఇంకో కథ. 1898లో డబ్బు తీసుకుని ఆడటాన్ని నేరుగా ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు: ఆటగాడికి బయట సక్రమమైన ఉద్యోగం ఉండాలి, ఉద్యోగం లేనివాడు ఆడకూడదు. పబ్బులో బిలియర్డ్స్ బల్ల దగ్గర మార్కులు వేసేవాడు, పబ్బులో గ్లాసులు అందించేవాడు ఉద్యోగస్తుల కిందకు రారు. క్లబ్బులు తమ స్టార్‌కు పబ్బులో ఉత్తుత్తి కొలువు ఇప్పిస్తాయన్న భయం అది. మన రైల్వేలో, బ్యాంకుల్లో స్పోర్ట్స్ కోటా కింద చేరిన వాలీబాల్, కబడ్డీ ఆటగాళ్ళను చూసినవాళ్ళకు ఈ తంతు కొత్తగా అనిపించదు. ఆ షరతును 1905లో ఎత్తేశారు.

మరి మన ఛాంపియన్ ఏమైంది? 1901లో పద్నాలుగు పెద్ద క్లబ్బులు రెండు కౌంటీలను కలుపుతూ మళ్ళీ ఒక లీగ్ పెట్టుకున్నాయి. మొదటి సీజన్ విజేతకు అందులో చోటు లేదు. 1902-03లో మానింగ్‌హమ్ రెండో డివిజన్‌లో ఆడింది. అప్పులు మెడదాకా వచ్చాయి. నిధుల కోసం విలువిద్య పోటీలు కూడా పెట్టి చూశారు. కొంత డబ్బు వచ్చింది, దానితో ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. 1903 మే నెలాఖరులో సభ్యులు ఓటు వేసి రగ్బీని వదిలేసి సాకర్‌కు మారిపోయారు. క్లబ్బు పేరు బ్రాడ్‌ఫోర్డ్ సిటీ అయింది. రగ్బీ కంచుకోటలో కాలు పెట్టడానికి ఫుట్‌బాల్ లీగ్ ఎంత ఆత్రపడిందంటే, ఒక్క మ్యాచ్ కూడా ఆడని క్లబ్బును రెండో డివిజన్‌లో చేర్చుకుంది. మైదానం అదే వ్యాలీ పరేడ్, చొక్కా రంగులు అవే. ఎనిమిదేళ్ళకు, 1911లో, ఆ క్లబ్బు ఇంగ్లండ్ సాకర్‌లో పెద్ద నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్ గెలిచింది. ఆ ఏడాది కొత్తగా చేయించిన కప్పును తయారు చేసినదీ బ్రాడ్‌ఫోర్డ్ కంపెనీ ఫట్టోరినీయే. ఇంట్లో చేసుకున్న పిండివంట ఇంట్లోవాళ్ళకే దక్కినట్టు.

ఆ నగరంలోని రెండో క్లబ్బు, పార్క్ అవెన్యూలోని బ్రాడ్‌ఫోర్డ్, 1907లో అదే దారి పట్టింది. అక్కడ మాత్రం కొందరు సభ్యులు ఒప్పుకోక, విడిగా బ్రాడ్‌ఫోర్డ్ నార్తర్న్ పెట్టుకుని రగ్బీ లీగ్ కొనసాగించారు. ఈనాటి బ్రాడ్‌ఫోర్డ్ బుల్స్ వాళ్ళే. స్థానిక అభిమానులు ఆ 1907 నాటి నిర్ణయాన్ని ఇప్పటికీ మహాద్రోహం అనే అంటారు.

పాత యూనియన్ వైపు జరిగినది కూడా ఒక మాట చెప్పాలి. నార్తర్న్ యూనియన్ జట్టుతో కలిసి ఆడినా, వాళ్ళకు ఎదురుగా ఆడినా, ఒక్క పెన్నీ తీసుకోకపోయినా సరే, వృత్తి ఆటగాడేనని ముద్ర వేసి శాశ్వతంగా వెలివేశారు. పాత యూనియన్ దానికి మూల్యం చెల్లించింది మైదానంలో. 1892లో ఉత్తరాది ఆటగాళ్ళు నిండిన ఇంగ్లండ్ జట్టు ఒక్క పాయింట్ కూడా ఇవ్వకుండా అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ తర్వాత మళ్ళీ ఆ టైటిల్ చూసింది 1910లో.

ఆ 22 క్లబ్బుల జాబితా కాలానికి ఎంతవరకు నిలిచిందో చూడాలంటే ఈనాటి రగ్బీ లీగ్‌లో అన్నిటికంటే పై పోటీ అయిన సూపర్ లీగ్ పట్టిక పక్కన పెట్టుకోండి. టిల్డ్స్‌లీ, లివర్‌సెడ్జ్, స్టాక్‌పోర్ట్ కొన్నేళ్ళలోనే పెద్ద పోటీల నుంచి మాయమయ్యాయి. తొలి అధ్యక్షుడి సొంత క్లబ్బు బ్రిగ్‌హౌస్‌దీ అదే గతి. కానీ 2025లో సూపర్ లీగ్ ఆడిన 12 జట్లలో ఎనిమిది ఆ జాబితాలోవే: విగన్, సెయింట్ హెలెన్స్, వారింగ్టన్, లీ, లీడ్స్, హల్, హడర్స్‌ఫీల్డ్, వేక్‌ఫీల్డ్. ఇంకొకటి ఫ్రాన్స్ జట్టు. దాన్ని పక్కన పెడితే మిగతావాళ్ళంతా ఇప్పటికీ కొండకు ఇటూ అటూ ఉన్నవాళ్ళే.

నా వంతు అయిపోయింది. హాలిఫాక్స్ ఆ ఐదు డ్రాలు ఎవరితో చేసుకుందని మాత్రం అడగకండి, మిగతావి ఏమైనా అడగండి.