కిట్ గిటారు రివ్యూ: రంగు నాది, నెక్ వాళ్ళది

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ లేత నీలం గిటారు ఏ షోరూములోనూ దొరకదు. ఫెండర్ కంపెనీ పాత ఎలక్ట్రిక్ గిటారు టెలికాస్టర్ తరహాలో ఒక కిట్, అంటే విడిభాగాల పెట్టె కొని, ఇంట్లోనే రంగు వేసి, బిగించి, తీగలు ఎక్కించాను. అమ్మినవారి పేరు చెప్పడం లేదు. ఇలాంటి కిట్లు రకరకాల పేర్లతో దాదాపు ఒకే రూపంలో వస్తాయి. పెట్టె విప్పాక ఏం చూడాలో తెలిస్తే ఆ పేరుతో పెద్దగా పనిలేదు. నా తీర్పు ముందే చెప్పేస్తాను: మీకు నచ్చిన రంగులో, మీ చేతులతో చేసిన గిటారు కావాలంటే కొనండి. డబ్బు మిగులుతుందని మాత్రం కొనకండి.

మొదటి గిటారుకు టెలికాస్టర్ తరహానే ఎందుకు? ఆ నమూనా పుట్టిందే సులువుగా బిగించడానికి. లియో ఫెండర్ రేడియోలు బాగుచేసిన మనిషి, ఆయనకు గిటారు వాయించడం రాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1950లో ఆయన తెచ్చిన గిటారు బాడీ ఒక చదునైన చెక్క పలక. నెక్‌ను, అంటే వేళ్ళు ఆడే పొడవాటి మెడను, జిగురుతో అతికించకుండా నాలుగు మరలతో బిగించారు. పాడైతే విప్పి కొత్తది వేసుకోవచ్చు. 1951లో దానికి టెలికాస్టర్ అన్న పేరు స్థిరపడింది. వంపుల బాడీ, స్ప్రింగుల బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) ఉన్న స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. దాని కిట్లూ ఉన్నాయి కానీ, మొదటిసారే స్ప్రింగులతో కుస్తీ ఎందుకు?

ఇక పెట్టెలోకి వెళ్దాం. బాడీ బాస్‌వుడ్ చెక్క, నెక్ మేపుల్ చెక్క. నెక్ చివర తల చూడండి, పడవ తెడ్డులా మొద్దుగా వదిలేశారు. ఇది బద్ధకం కాదు. ఫెండర్ తల ఆకారం ఆ కంపెనీ ట్రేడ్‌మార్క్, కాబట్టి ఆకారం మనమే గీసుకుని కోసుకోవాలి. గీసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: నట్ (నెక్ పైచివర తీగలు కూర్చునే గాళ్ళ పట్టీ) నుంచి ట్యూనర్ (తీగను శ్రుతి చేసే మర) దాకా తీగ వీలైనంత నిటారుగా వెళ్ళాలి. పక్కకు మళ్ళితే నట్ గాడిలో పట్టేసి శ్రుతి నిలవదు.

అమ్మేవారి ఫొటోలన్నీ బాడీవే, కానీ మీరు మొదట పరీక్షించాల్సింది నెక్. ఏటీఎం కార్డు అంచును వరుసగా మూడు ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల) మీద నిలబెట్టండి. పైకి వెళ్ళేకొద్దీ ఫ్రెట్లు దగ్గరవుతాయి, అక్కడ కార్డు పొట్టి అంచు వాడండి. కార్డు ఊగిందంటే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. ఈ నెక్‌లో పన్నెండో ఫ్రెట్ పైన కొన్నిచోట్ల స్పష్టంగా ఊగింది. ఫ్రెట్ల చివరలు అరచేతికి గీసుకుంటున్నాయి. చెక్క ఆరి కుంచించుకుపోతే లోహం కుంచించుకోదు, అందుకే కొనలు బయటికి పొడుచుకొస్తాయి. రెండూ సరిచేయగలిగినవే. ఫ్రెట్ల మీద మార్కరు పూసి, చదునైన పట్టీకి గరుకు కాగితం అంటించి, ఎత్తు పల్లాలు పోయేదాకా రాయాలి. తర్వాత వాటి తలలను ఫైలుతో మళ్ళీ గుండ్రం చేయాలి. ఈ పనికి ఓపిక లేకపోతే ఆ కిట్ మీకోసం కాదు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే తీగ గరగరలాడే గిటారు ఎంత అందంగా ఉన్నా గోడకే అలంకారం.

ఏ చెక్క మంచిదని కూడా అడుగుతారు. బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దు నుంచి తొలుస్తారు. అక్కడ బోలుగా ఉన్న కుండే నాదాన్ని పెంచుతుంది, కాబట్టి చెక్కే సర్వస్వం. ఘనమైన బాడీ ఉన్న ఎలక్ట్రిక్ గిటారులో పికప్ వినేది ఉక్కు తీగ కదలికను. అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ, అంతే. అరుదైన చెక్క కోసం పెట్టే డబ్బు మంచి నెక్‌కు పెట్టండి. దీనిమీద వాదించేవారు చాలామంది ఉన్నారని తెలుసు, కామెంట్లలో కానివ్వండి.

ఇప్పుడు అసలు సరదా, రంగు. ఫెండర్ తొలి దశాబ్దాల్లో గిటార్లకు వేసిన ప్రత్యేక రంగులు డ్యూపాంట్ తయారుచేసిన కార్ల రంగులే. ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్‌ది, సోనిక్ బ్లూ కాడిలాక్‌ది. కాబట్టి కార్ల రంగులు కలిపే దుకాణానికి వెళ్ళి, నచ్చిన రంగును స్ప్రే డబ్బాలో నింపించుకోవడం చిట్కా కాదు, సంప్రదాయమే.

బాస్‌వుడ్ మెత్తన, గోరు గుచ్చినా గుంట పడుతుంది. మేలు ఏమిటంటే రంధ్రాలు సన్నగా ఉంటాయి, మహాగని, యాష్ చెక్కల్లాగా రంధ్రాలు పూడ్చే పని తప్పుతుంది. 220 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 320 దాకా, చెక్క నార వెంబడే రుద్దండి. సొట్టలకు లప్పం. తర్వాత చెక్క రంగును పీల్చకుండా ఆపే సీలర్. బాడీ అంచుల్లో, అంటే నార తెగిన చోట, చెక్క దాహంగా తాగేస్తుంది, అక్కడ ఇంకో పూత పడాలి. ఆపై ప్రైమర్, దాన్ని సన్నగా రుద్దాక రంగు.

నెక్ కూర్చునే గుంటలో రంగు పడకూడదు, టేపు వేయండి. ఆ గుంటలోనే ఒక కర్ర ముక్కను మరలతో బిగిస్తే పట్టుకోవడానికి, వేలాడదీయడానికి పిడి దొరుకుతుంది. డబ్బాను జానెడుకు కాస్త ఎక్కువ దూరంలో ఉంచి, బాడీ బయట మొదలుపెట్టి బయటే ఆపండి. పూతలు పల్చగా ఉండాలి. ఒకేసారి నిండుగా కొడితే అంచుల వెంట కారుతుంది.

వానాకాలంలో లాకర్ (థిన్నర్ ఎగిరిపోతే గట్టిపడే పూత) జోలికి వెళ్ళకండి. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దానిమీద చేరి తెల్లటి పొగ కమ్మినట్టవుతుంది. కోస్తాలో ఉండేవారికి ఈ బాధ ఎండాకాలంలోనూ తప్పదు, పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసుకోవాలి. ఇంకో హెచ్చరిక: ఎనామెల్ మీద లాకర్ వేస్తే ముడతలు పడుతుంది. ఒకే జాతి రంగు, ఒకే జాతి క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) వాడండి.

కార్లకు కొట్టే 2కె, అంటే రెండు ద్రవాలు కలిపి వాడే క్లియర్ గట్టిగా, అద్దంలా వస్తుందని చాలామంది సలహా ఇస్తారు. నిజమే వస్తుంది. కానీ దాని గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు ప్రమాదం. బట్ట మాస్కు దానికి చాలదు. పిల్లలు తిరిగే ఇంట్లో, బాల్కనీలో అది వద్దు. ఇది అభిప్రాయం కాదు, గట్టిగా చెబుతున్నాను. నేను వాడింది మామూలు యాక్రిలిక్ లాకర్. అది థిన్నర్ ఎగిరిపోవడం వల్లే గట్టిపడుతుంది, కొత్త పూత పాత పూతలో కరిగి కలిసిపోతుంది. దానికీ డాబా మీద, ఆవిర్లను ఆపే మాస్కు పెట్టుకునే పనిచేయాలి.

క్లియర్ వేశాక వారాలపాటు తాకకండి. ఆరిందో లేదో ముక్కే చెబుతుంది: దగ్గరగా వాసన చూస్తే థిన్నర్ తగిలినంతకాలం అది పచ్చిగానే ఉన్నట్టు. వాసన పూర్తిగా పోయాక నీళ్ళతో 1000, 1500, 2000 కాగితాలు, చివర పాలిషింగ్ కాంపౌండు. మరలు దిగే రంధ్రాలను ముందే మూసేయండి. వాటిలోకి నీరు దిగితే చెక్క ఉబ్బి చుట్టూ రంగు పగులుతుంది. అంచుల మీద చెయ్యి తేలిగ్గా పడాలి, అక్కడ పూత అన్నిటికన్నా పల్చన. ఇదిగో, వెలుతురులో తిప్పుతున్నాను, చూడండి. దగ్గరికెళ్తే బ్రిడ్జ్ పక్కన నారింజ తొక్కలా కొంచెం గరుకు కనిపిస్తుంది. షోరూము గిటారులో ఇది ఉండదు. నాకు అభ్యంతరం లేదు.

బిగింపులో ఒక్క కొలత ప్రాణం. ఈ గిటారు తీగ పొడవు 25.5 అంగుళాలు, అంటే దాదాపు 648 మిల్లీమీటర్లు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా 324 ఉండాలి, అక్కడి నుంచి సన్న తీగ శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) దాకా మళ్ళీ అంతే. మరలు దించకముందే కొలవండి, రెండు చివరి తీగల దారిలో దారం లాగి నెక్ అంచులకు సమదూరంలో ఉందో చూడండి. కిట్‌తో ఇచ్చిన మరలు నాసిరకం, తలలు ఇట్టే అరిగిపోతాయి. ముందు సన్న రంధ్రం వేసి, మరకు కొవ్వొత్తి మైనం రాస్తే నెమ్మదిగా దిగుతుంది.

వైరింగ్ పెద్ద విషయం కాదు. రెండు పికప్‌లు, ఒక స్విచ్, రెండు నాబ్‌లు. కిట్ స్విచ్ వదులుగా ఉంది, హైదరాబాదులో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటి విడిభాగాలు దొరుకుతాయి. నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లు 250 కిలో ఓమ్‌లవి అడగండి. వాటి వీపు మీద టంకం పెట్టడానికి 25 వాట్ల ఐరన్ తంటాలు పడుతుంది, 60 వాట్లది మేలు. బ్రిడ్జ్ లోహానికి ఎర్త్ తీగ తగులుతోందో లేదో మల్టీమీటరుతో చూడండి. తగలకపోతే ఆంప్‌లో (శబ్దం పెంచే పెట్టెలో) గుంయ్‌మని హోరు.

తీగలు పది నుంచి నలభై ఆరు సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) వేశాను. ఆరూ కలిసి 45 కిలోలకు పైగా లాగుతాయి, అందుకే నెక్ లోపల దాని వంపు సరిచేసే కడ్డీ, ట్రస్ రాడ్. ఏడో ఫ్రెట్ దగ్గర పావు మిల్లీమీటరు వంపు, పన్నెండో ఫ్రెట్ దగ్గర సన్న తీగ ఎత్తు 1.6 మిల్లీమీటర్లు పెట్టాను. ఫ్రెట్లు రాయకముందు ఆ ఎత్తులో కొన్ని స్వరాలు పలికేవే కావు.

ఖర్చు సంగతి. రంగు, లాకర్, కాగితాలు, ఫైళ్ళు, స్విచ్, తీగలు అన్నీ కలిపితే కిట్ ధరకు కాస్త అటూ ఇటూగా మరొకసారి పెట్టినట్టయింది. ఆ మొత్తానికి కొట్టులో బుద్ధిగా వాయించే కొత్త గిటారు వస్తుంది. నేర్చుకోవడం మొదలుపెడుతున్నవారు అదే కొనుక్కోండి.

ఆంప్ ఆన్ చేశాను, ఎఫెక్టులేవీ లేవు. ముందు బ్రిడ్జ్ పికప్, ఉక్కు పలక మీద కూర్చుంటుంది కాబట్టి గొంతు పదునుగా ఉంటుంది. తర్వాత రెండూ కలిపి, చివర నెక్ పికప్. నెక్ పికప్ దగ్గర కాస్త చెవి పెట్టండి, మందంగా, ముసుగేసినట్టు వినిపిస్తుంది. నేను మార్చబోయేది అదొక్కటే.