కేబుల్, డీటీహెచ్, ఫైబర్, ఎయిర్‌ఫైబర్: మీ ఇంటికి నెలకు అసలు ఎంత పడుతుంది?

నమస్తే అండి. ఇంట్లో టీవీ కావాలి, ఇంటర్నెట్ కూడా కావాలి. రెండూ కలిపి ఏ దారిలో వెళ్తే ఎంత ఖర్చవుతుందో ఈరోజు లెక్క వేసి చూద్దాం. మీ ఇంటి కేబుల్ బిల్లు, నెట్ బిల్లు ఉంటే దగ్గర పెట్టుకోండి. నేను చెప్పే అంకెల పక్కన మీ అంకెలు కూడా రాసుకుంటే ఈ వీడియో మీకు నిజంగా పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఇళ్లలో చాలామంది ఒకే సీరియల్‌కి, ఒకే మ్యాచ్‌కి రెండుసార్లు డబ్బు కడుతున్నారు. కేబుల్ ప్యాకేజీలో ఒకసారి, ఓటీటీలో ఇంకోసారి. ప్లాన్ మార్చడం కంటే ముందు ఈ రెండోసారి కట్టేది ఆపితే మిగిలే డబ్బే ఎక్కువ.

సరే, టీవీతో మొదలుపెడదాం. 2019లో ట్రాయ్ (టీవీ, టెలికం రంగాల నియంత్రణ సంస్థ) కొత్త విధానం వచ్చినప్పటి నుంచి మన టీవీ బిల్లులో రెండు భాగాలు ఉంటున్నాయి. ఒకటి నెట్‌వర్క్ ఫీజు, అంటే సిగ్నల్ మన ఇంటిదాకా తెచ్చినందుకు ఆపరేటర్ తీసుకునేది. రెండోది మనం ఎంచుకున్న పే ఛానెళ్ల ధర. ఈ నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు మించకూడదని అప్పట్లో పరిమితి పెట్టారు. మొదట 100 ఛానెళ్లకు, 2020 నుంచి 200 ఛానెళ్లకు. 2024 జూలైలో ట్రాయ్ ఆ పరిమితి తీసేసింది. అందుకే ఇప్పుడు పక్కపక్క వీధుల్లో ఇద్దరు ఆపరేటర్లు వేర్వేరు రేట్లు చెప్పినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎంత ఫీజు, ఎంత ఛానెల్ ధర అని విడివిడిగా అడగండి. అడిగే హక్కు మనకు ఉంది.

ఒక లెక్క వేద్దాం. నెట్‌వర్క్ ఫీజు 130 అనుకోండి. తెలుగు ఇళ్లలో స్టార్ మా, జీ తెలుగు, ఈటీవీ, జెమినీ, ఈ నాలుగూ లేకపోతే ఊరుకోరు. ఒక్కోటి 19 రూపాయలు వేసుకుందాం. 19 దాటిన ఛానెల్‌ని ప్యాక్‌లో కలపకూడదని నిబంధన ఉంది కాబట్టి పెద్ద ఛానెళ్ల ధర అక్కడే ఆగుతుంది. నాలుగు కలిపి 76. 130కి 76 కలిపితే 206. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 243 రూపాయలు. తెలుగు వార్తా ఛానెళ్లు చాలావరకు ఫ్రీ టు ఎయిర్, అంటే ఛానెల్ ధర లేనివి కాబట్టి వాటికి పెద్దగా అదనం పడదు. స్టార్, జీ లాంటి ఒకే టీవీ సంస్థ నుంచి మూడు నాలుగు ఛానెళ్లు కావాలంటే మాత్రం విడిగా తీసుకోకండి, వాళ్ల ప్యాక్ చవగ్గా వస్తుంది.

ఇప్పుడు మీ బిల్లు చూడండి. 350, 400 కడుతున్నారా? అయితే మీరు ఎప్పుడూ పెట్టని భాషల ఛానెళ్లు, పిల్లలు పెద్దవాళ్లయి ఇంజనీరింగ్‌కి వెళ్లినా ఇంకా నడుస్తున్న కార్టూన్ ప్యాకులు ఆ బిల్లులో ఉండే అవకాశం ఎక్కువ. డీటీహెచ్ అయితే యాప్‌లోకి వెళ్లి మీరే తీసేయొచ్చు. కేబుల్ అయితే నెలకోసారి డబ్బులకు వచ్చే అబ్బాయికి కావాల్సిన ఛానెళ్ల పేర్లు కాగితం మీద రాసివ్వండి. క్రికెట్ ఛానెళ్లు ఐపీఎల్ నెలల్లో పెట్టుకుని తర్వాత తీసేయండి. ఏడాదంతా కట్టాల్సిన అవసరం లేదు.

నెలనెలా ఏమీ కట్టలేని ఇంటికి డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్, బాక్స్ ఒకసారి కొంటే చాలు, నెల ఖర్చు సున్నా. కానీ అందులో ఎక్కువ హిందీ ఛానెళ్లే. దూరదర్శన్ తెలుగు ఛానెళ్లు యాదగిరి, సప్తగిరి వస్తాయి. సీరియళ్లు చూసే ఇంటికి అది చాలదు, నేను సిఫార్సు చేయను.

ఇక ఇంటర్నెట్. ఇక్కడ మొదట పట్టుకోవాల్సింది ప్రకటనలోని ధరకీ, మన ఖాతాలోంచి పోయే డబ్బుకీ ఉన్న తేడా. జియో ఫైబర్ 2020లో తెచ్చిన 399 ప్లాన్, స్పీడ్ 30 ఎంబీపీఎస్. జీఎస్టీతో 471. వంద ఎంబీపీఎస్ 699 ప్లాన్ జీఎస్టీతో 825. ఎయిర్‌టెల్ 499 ప్లాన్ 40 ఎంబీపీఎస్, కట్టేది 589. ఈ ప్లాన్లు ఊరిని బట్టి, ఆఫర్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి మీ పిన్‌కోడ్ వేసి చూసుకోండి. ఏ ప్లాన్ అయినా 1.18తో గుణించి ఆ తర్వాతే పోల్చండి.

స్పీడ్ గురించి ఒక్క మాట. హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉంటే చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. అంటే 30 ఎంబీపీఎస్‌లో రెండు హెచ్‌డీ వీడియోలు నడుస్తుండగానే ఇంకొకరు ఆఫీసు కాల్ మాట్లాడొచ్చు. నలుగురున్న మామూలు ఇంటికి 40 బాగా సరిపోతుంది. చాలాచోట్ల అసలు ఇబ్బంది రూటర్ పెట్టిన చోట ఉంటుంది. హాల్లో మూలన టీవీ వెనక రూటర్, రెండు గోడల అవతల బెడ్‌రూమ్‌లో ల్యాప్‌టాప్. అలాంటి ఇంట్లో 300 ఎంబీపీఎస్ తీసుకున్నా ఆ గదికి స్పీడ్ అందదు. ముందు లాన్ కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌లో స్పీడ్ చూడండి. కేబుల్‌లో బాగుండి వైఫైలో తగ్గితే ప్లాన్ పెంచొద్దు, రూటర్‌ని ఇంటి మధ్యకు జరపండి.

ఇప్పుడు రెండూ కలుపుదాం. టీవీకి 243, ఫైబర్‌కి 471. మొత్తం 714 రూపాయలు.

దీని పక్కన జియో ఎయిర్‌ఫైబర్ పెట్టి చూడండి. 2023 వినాయక చవితికి హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో మొదలైంది. డాబా మీద చిన్న 5జీ రిసీవర్ బిగిస్తారు, ఇంటిదాకా ఫైబర్ లాగక్కర్లేదు. 599 ప్లాన్ 30 ఎంబీపీఎస్, అందులోనే టీవీ ఛానెళ్లు, కొన్ని ఓటీటీలు. జీఎస్టీతో 707. ఇన్‌స్టలేషన్ వెయ్యి రూపాయలు, ఏడాది ప్లాన్ ఒకేసారి కడితే ఆ వెయ్యి మాఫీ అని మొదట్లోనే ప్రకటించారు.

714, 707. దాదాపు సమానం. పైగా ఎయిర్‌ఫైబర్‌లో ఓటీటీలు కలిసొస్తున్నాయి. మరి అదే మేలు కదా అంటారు. రెండు విషయాలు చూడాలి. మొదటిది డేటా. జియో ఫైబర్‌లో నెలకు 3,300 జీబీ దాకా ఫుల్ స్పీడ్, ఎయిర్‌ఫైబర్‌లో 1,000 జీబీ. వెయ్యి అంటే రోజుకు 33 జీబీ. హెచ్‌డీ వీడియో గంటకు 3 జీబీ దాకా తింటుంది, కాబట్టి రోజుకు పదకొండు గంటలు చూడొచ్చు. చాలా ఇళ్లకు ఇది చాలు. 4కే టీవీ పొద్దస్తమానం నడిచే ఇంటికి చాలదు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. అన్నీ ఒకే కనెక్షన్ మీద పెడితే, నెట్ పోయినప్పుడు టీవీ కూడా పోతుంది. ఇంట్లో రోజంతా ఉండే అమ్మమ్మకో, తాతయ్యకో టీవీ ఒక్కటే కాలక్షేపం. సాయంత్రం సీరియల్ టైముకి బాక్స్ మీద ఎర్ర లైటు వెలిగితే ఏం చేయాలో వాళ్లకు తెలియదు, మనం ఆఫీసులో ఉంటాం. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్రలో కరెంట్ షాక్ తగిలి ప్రాణాలు పోయాక, హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీదున్న కేబుళ్లను విద్యుత్ సిబ్బంది కోసేశారు. చాలా ఇళ్లలో నెట్ ఆగిపోయింది. అలాంటి రోజుల్లో డీటీహెచ్ ఉన్న ఇంట్లో కనీసం టీవీ నడుస్తుంది. డీటీహెచ్‌కీ ఇబ్బంది ఉంది, గట్టి వానకు సిగ్నల్ పోతుంది. కానీ వాన తగ్గగానే తిరిగొస్తుంది, ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు.

అందుకే నేను చెప్పేది ఇది. పెద్దవాళ్లున్న ఇంట్లో టీవీని విడిగానే ఉంచండి, ఛానెళ్లు తగ్గించుకుని ఉంచండి. పక్కన చిన్న ఫైబర్ ప్లాన్ చాలు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే జంటకైతే, బ్యాచిలర్ రూమ్‌కైతే కేబుల్ అక్కర్లేదు, నెట్ ఒక్కటే తీసుకోండి. స్టార్ మా సీరియళ్లు జియో హాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి. కావాల్సిన ఒకటి రెండు తీసుకుంటే సరిపోతుంది. అద్దె ఇంట్లో ఉంటే ఏడాది ప్లాన్ జోలికి పోవద్దు. ఒక నెల ఉచితం అని కట్టేస్తారు, ఆరు నెలలకు ఇల్లు మారితే కొత్త ఏరియాలో ఆ కంపెనీ లైన్ ఉండకపోవచ్చు.

ఊళ్ల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు టీవీ, నెట్, ఫోన్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలు. కరెంటు స్తంభాల మీదుగా లైను లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల చేతనే ఇంటికి ఇప్పించారు. ఆ ధర నిలవలేదు, తర్వాత పెరిగింది. అయినా ప్రైవేటు ఫైబర్ రాని పల్లెకు మూడూ ఒకే తీగ మీద వచ్చాయంటే అది పెద్ద విషయమని నేను గట్టిగా నమ్ముతాను. మీ ఊళ్లో ఆ కనెక్షన్ ఉంటే ఇప్పటి రేటు ఆపరేటర్‌ని అడిగి, పైన వేసిన 714తో పోల్చండి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ ఉన్న ఊళ్లలో దాన్ని కూడా తప్పకుండా లెక్కలోకి తీసుకోండి. అక్కడ రిపేర్‌కి మనిషి ఎంత త్వరగా వస్తాడన్నది మాత్రం పక్కింటివాళ్లను అడిగి తెలుసుకోండి. ప్లాన్ రేటు చూసేముందు నేనైతే అదే అడుగుతాను.

మారాలని నిర్ణయించుకుంటే కొత్త కనెక్షన్ వచ్చి వారం బాగా నడిచాకే పాతది తీయించండి. పాత రూటర్, బాక్స్ కంపెనీవైతే తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. డిపాజిట్ కట్టి ఉంటే అది ఎప్పుడు వస్తుందో మెసేజ్‌లో రాయించుకోండి. ఆటోపే పెట్టి ఉంటే బ్యాంక్ యాప్‌లోకో, యూపీఐ యాప్‌లోకో వెళ్లి ఆ మ్యాండేట్‌ను, అంటే డబ్బు దానంతటదే తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతిని, మీరే రద్దు చేయండి. కనెక్షన్ తీసేసినంత మాత్రాన ఆటోపే దానంతటదే ఆగిపోతుందని అనుకోవద్దు.